వాకబు చేయకుండా ఒప్పుకోకండి

(చెన్నై టీ.నగర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇక్కడ చదువుకుంటున్న తెలుగు విద్యార్థుల కోసం ఒక రిటైర్డ్ కాలేజీ లైబ్రేరియన్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకోడానికి రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం. మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి బాబూ. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతారని భయమా? వెనక కూర్చున్నా అడుగుతాను. ఆదివారం పూట పానగల్ పార్కు దగ్గర ఆ జనాన్ని తోసుకుని ఇక్కడిదాకా వచ్చారంటేనే మీకు సగం మార్కులు వేసేయొచ్చు.

నన్ను పిలిచినవాళ్ళు టాపిక్ రాసి పంపారు. ఎస్సేలకూ, ప్రాజెక్టు రిపోర్టులకూ ఇంటర్నెట్‌లో నమ్మకమైన ఆధారాలు వెతకడం ఎలా, వాటిని అంచనా వేయడం ఎలా అని. అంత పెద్ద పేరు నాకు నోరు తిరగదు. నేను దాన్ని ఒక్క మాట చేసుకున్నాను. వాకబు. ఈ మాట మీ తరం వాడుతోందో లేదో తెలియదు, మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం వాడతారు.

మీ అక్కకు సంబంధం వచ్చిందనుకోండి. మధ్యవర్తి ఫొటో, బయోడేటా పట్టుకొస్తాడు. కుర్రాడు బుద్ధిమంతుడు, ఏ అలవాట్లూ లేవు, మంచి జీతం అని అందులో ఉంటుంది. ఉండక ఏముంటుంది? రాసింది వాళ్ళేగా! అప్పుడు మీ నాన్నగారు ఏం చేస్తారు? ఆ కాగితాన్నే పదిసార్లు చదువుతారా? కాగితం మందంగా ఉంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, పైన వినాయకుడి బొమ్మ కూడా వేశారు, కాబట్టి మంచి సంబంధమే అంటారా? అనరు. కాగితం పక్కన పెట్టి ఫోన్ తీస్తారు. ఆ వీధిలో మనవాళ్ళెవరున్నారు, ఆ ఆఫీసులో ఎవరు తెలుసు, పాత ఇంటి ఓనరు ఏమంటాడు. ఇవన్నీ తెలిశాకే పెళ్ళిచూపులు.

మరి వెబ్‌సైటు దగ్గరికి వచ్చేసరికి మనం చేసేది? ఆ బయోడేటానే మళ్ళీ మళ్ళీ చదువుతాం. సైటు నీటుగా ఉంది సార్. లోగో ఉంది సార్. అబౌట్ అస్ పేజీలో మేము నిష్పాక్షికమైనవాళ్ళం అని రాశారు సార్. రాయకేం చేస్తారమ్మా?

నేను మూడు దశాబ్దాలు లైబ్రరీలో పనిచేశాను. మొదట్లో పిల్లలు వచ్చి, సార్ పుస్తకం దొరకలేదు అనేవాళ్ళు. చివర్లో వచ్చినవాళ్ళు, సార్ నాలుగు లక్షల రిజల్ట్స్ వచ్చాయి, ఏది తీసుకోమంటారు అన్నారు. నన్నడిగితే మొదటిదే నయం. దొరకనప్పుడు దొరకలేదన్న సంగతైనా తెలుస్తుంది.

ఈ వాకబు సంగతి నేను కనిపెట్టింది కాదండోయ్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అని ఇద్దరు 2017లో ఒక పరిశోధన బయటపెట్టారు. మొత్తం 45 మందిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. పదిమంది చరిత్రలో పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు. పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. ఇంకో పదిమంది పత్రికల్లో ఫ్యాక్ట్ చెకింగ్ చేసేవాళ్ళు. వాళ్ళకు రెండు సైట్లు చూపించారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. 1930లో పెట్టిన పిల్లల డాక్టర్ల సంఘం, చాలా పెద్దది. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్. పేరు వింటే అదీ ఇదీ ఒకటే అనిపిస్తుంది కదూ? అది పెద్ద సంఘంతో విభేదించి 2002లో విడిగా పెట్టుకున్న చిన్న గుంపు. రెండు సైట్లూ చూడ్డానికి బాగానే ఉంటాయి. విద్యార్థుల్లో సగానికి పైగా రెండోదాన్నే ఎక్కువ నమ్మారు. చరిత్రకారుల్లో కూడా చాలామంది తేల్చుకోలేకపోయారు. ఆలోచించండి, పీహెచ్‌డీ ఉన్నవాళ్ళు! ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం అందరూ సరిగ్గా చెప్పారు. ఎలా? వాళ్ళు ఆ పేజీని అసలు చదవనేలేదు. పేరు చూసి, వెంటనే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్ళు ఏమంటున్నారో చూశారు. అక్కడ సంగతి తెలిశాకే పేజీ దగ్గరికి తిరిగొచ్చారు.

క్లాసులో పక్కచూపులు చూస్తే తిట్టేవాళ్ళం కదా. ఇంటర్నెట్‌లో పక్కచూపులే కావాలి.

ఇక్కడ ఒక చిన్న సంగతి, తొందరగా చెప్పేస్తాను. సైటు చివర డాట్ ఓఆర్జీ ఉంటే సేవాసంస్థ, నమ్మొచ్చు అని ఎవరో మీకు చెప్పి ఉంటారు. డాట్ ఓఆర్జీ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇందాక చెప్పానే, ఆ రెండు పిల్లల డాక్టర్ల సంఘాల దగ్గరా అదే ఉంది. డాట్ ఏసీ డాట్ ఇన్ అలా అందరికీ ఇవ్వరు. అది విద్యాసంస్థలకే, ఎర్నెట్ అనే సంస్థ ద్వారా ఇస్తారు. జీఓవీ డాట్ ఇన్ ప్రభుత్వానిది. అలాగని యూనివర్సిటీ సైటులో పెట్టిన ప్రతి పీపీటీ వేదం అనుకోకండి. అక్కడ ఫస్టియర్ వాళ్ళ సెమినార్ స్లైడ్లు కూడా ఉంటాయి. చిరునామా చూస్తే ఏ వీధో తెలుస్తుంది, ఇంట్లో మనిషి సంగతి తెలియదు.

ఇప్పుడు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెబుతాను.

పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసింది ఈ ఊళ్ళోనే. మైలాపూర్‌లో, రాయపేట హైరోడ్డులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో. ఇక్కణ్ణుంచి ఎంత దూరమని? ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. వెళ్ళనివాళ్ళు వెళ్ళి చూడండి. సరే, ఒక ఏడాది డిసెంబర్‌లో మా లైబ్రరీలో ఆయన మీద చిన్న ఎగ్జిబిషన్ పెట్టాను. పెద్ద చార్టు మీద నా చేతులతో నేనే రాశాను. 1952 అక్టోబర్ 19న దీక్ష మొదలు, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూత, 56 రోజుల దీక్ష. రంగు స్కెచ్చి పెన్నుతో, కింద గీత కూడా కొట్టి.

మా దగ్గర ఒక అటెండరు ఉండేవాడు. తమిళాయన, తెలుగు చదవడం రాదు, అంకెలు మాత్రం చదవగలడు. కుర్చీలు సర్దుతూ ఆ చార్టు ముందు ఆగిపోయాడు. వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. నా దగ్గరికొచ్చి, సార్, ఈ తేదీల మధ్య 56 రోజులు రావడం లేదు అన్నాడు.

మీరూ లెక్కపెట్టండి. అక్టోబర్‌లో 19 నుంచి 31 దాకా 13 రోజులు. నవంబర్ 30. అక్కడికి 43. డిసెంబర్‌లో 15. ఎంత? 58. మొదటి రోజు కలపకపోయినా 57. నా చార్టు మీది తేదీలే నిజమైతే 56 ఎలా చూసినా రాదు. ఒకే చార్టు మీద, ఒకదాని కింద ఒకటి, నేనే రాశాను. నాకు కనిపించలేదు. అక్షరం రాని మనిషికి కనిపించింది.

ఎందుకు కనిపించలేదో చెప్పనా? నేను అప్పటికే మూడు చోట్ల చూసుకున్నాను. మీరూ ఇదే అంటారు, మూడు సైట్లలో ఉంది సార్ అని. ఇప్పుడు వెతికినా మీకు 56 అనేవీ దొరుకుతాయి, 58 అనేవీ దొరుకుతాయి. ఆ సాయంత్రం నేను ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. మూడింటిలోనూ అదే వాక్యం. అదే కామా. ఒక చోట ఊరి పేరులో ఉన్న అచ్చుతప్పు మిగతా రెండు చోట్లా ఉంది. ముగ్గురు చెప్పారనుకున్నాను, చెప్పింది ఒక్కడే. మిగతా ఇద్దరూ కాపీ పేస్ట్. సంబంధం గురించి ముగ్గురిని అడిగాం, ముగ్గురూ అబ్బాయి మేనమామలే. అది వాకబు అవుతుందా?

కాబట్టి ఎన్ని చోట్ల ఉందని లెక్కపెట్టకండి. వాళ్ళకు ఎలా తెలిసిందో అడగండి. పేజీలో ఒక అంకె కనిపిస్తే, ఇది ఎక్కణ్ణుంచి తెచ్చారు? అక్కడికి వెళ్ళండి. వాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారు? అక్కడికీ వెళ్ళండి. ఏరు ఎండినట్టు మధ్యలో ఆగిపోయిందా, ఆ అంకెను మీ ఎస్సేలోకి తెచ్చుకోకండి. ఊట దాకా వెళ్ళగలిగారా, అప్పుడు ఊటనే ఉదహరించండి. 1952 డిసెంబర్ సంగతికి ఊట అంటే ఆ రోజుల పత్రికలు, చట్టసభల చర్చలు. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో మొదలై, 1914 నుంచి ఈ మద్రాసులోనే అచ్చయింది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవాళ్ళు పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేశారు. పార్లమెంటు చర్చలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి, ఉచితం. జాతీయ అభిలేఖాగారం, అంటే నేషనల్ ఆర్కైవ్స్, వాళ్ళ పాత కాగితాలు వెతుక్కునే సైటు అభిలేఖ్ పటల్ ఉంది. లింకు పనిచేయకపోతే వదిలేయకండి, ఆ చిరునామాను వేబ్యాక్ మెషిన్‌లో పెట్టండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళది. పాత పేజీ ఎప్పుడో ఒకప్పుడు దాచి ఉండే అవకాశం ఉంది.

ఇంకో సంగతి. శ్రీరాములు గారు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణమిచ్చారు అని రాసిన పేజీ కనిపిస్తే కొంచెం జాగ్రత్తపడండి. ఆయన పోయిన నాలుగో రోజు, డిసెంబర్ 19న నెహ్రూ ప్రకటించింది ఆంధ్ర రాష్ట్రం. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబర్ 1న వచ్చింది. ఈ రెండిటినీ కలిపేసినవాళ్ళు మిగతా తేదీల దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశారని ఎందుకనుకోవాలి?

ఎవరో చెయ్యెత్తారు. చివర్లో అడగమ్మా, మరిచిపోకుండా రాసుకో.

పక్షపాతం సంగతి. ఈ మధ్య ఒకమ్మాయి మద్రాసు నగరం ఎవరికి దక్కాలన్న గొడవ మీద ఎస్సే రాసి తెచ్చింది. మంచి టాపిక్. చూస్తే ఆధారాలన్నీ మనవాళ్ళవే. మద్రాసు మనదే అన్నవాళ్ళవి. నేనన్నాను, అమ్మా, ఇది ఒక వైపు వకీలు వాదన, జడ్జిమెంటు కాదు కదా. అవతల తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం గారు తల ఇచ్చైనా తలనగరాన్ని, అంటే రాజధానిని, కాపాడుకుంటాం అని తమిళంలో నినాదం ఇచ్చారు. దాన్నీ చూడాలి. అప్పుడా అమ్మాయి ఏమందంటే, సార్, ఆయనది పక్షపాతం కదా అని. మరి మనవాళ్ళది?

పక్షపాతం ఉందని పారేయక్కర్లేదండీ. ఎవరు ఏమనుకున్నారు, ఎంత కోపంగా ఉన్నారు అని చెప్పడానికి ఆ రాతలే మంచి ఆధారం. ఏం నిర్ణయం జరిగింది అని చెప్పడానికి మాత్రం వేరే కాగితం కావాలి. నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య ముగ్గురూ ఇచ్చిన జేవీపీ నివేదిక ఉంది, 1949 ఏప్రిల్‌ది. మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం అన్న మాట అందులో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటు మీద జస్టిస్ వాంఛూ ఇచ్చిన నివేదిక ఉంది. అవి చదివి, ఈ రెండు వైపుల రాతల్ని వాటి పక్కన పెట్టు అన్నాను. రెండు నెలల తరవాత తెచ్చిన ఎస్సే చదివి, నాకు తెలియనివి రెండు నేర్చుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట ఒకటి. తమిళనాడులో తెలుగువాళ్ళు ఎంతమంది? చెప్పండి, గట్టిగా. ముప్పై శాతమా? ఇంకా? నలభై! సభలకు వెళ్తే నలభై వినిపిస్తుంది, వాట్సాప్‌లో అయితే ఇంకా పెరుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో మాతృభాష తెలుగు అని రాయించుకున్నవాళ్ళు 5.87 శాతం. సుమారు 42 లక్షలు. అప్పటి రాష్ట్ర జనాభా 7 కోట్ల 21 లక్షలు. సీ-16 అనే పట్టికలో ఉంది, సెన్సస్ సైటులో దొరుకుతుంది.

అదిగో, ముఖాలు మాడిపోయాయి. ఆ సెన్సస్ అబద్ధం సార్ అని ఒకాయన మొన్న నాతో పోట్లాటకే దిగాడు. ఆయన మాటలో కొంచెం పస ఉంది, కాదనను. సెన్సస్ అడిగింది మాతృభాష. తాతల నాడు తెలుగు, ఇప్పుడు ఇంటా బయటా తమిళమే అయిన కుటుంబాలు ఉన్నాయి, అవి ఆ లెక్కలోకి రాకపోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళం అని రాయించుకున్నవాళ్ళూ ఉండొచ్చు. అంటే మీ ఎస్సేలో అంకె రాసేటప్పుడు, ఏం అడిగితే ఈ అంకె వచ్చిందో కూడా రాయాలి. మాతృభాషగా తెలుగు నమోదైనవాళ్ళు 5.87 శాతం, 2011. అలా రాస్తే ఏ గైడూ మిమ్మల్ని పట్టుకోలేడు. మరి ఆ నలభై? లెక్కపెట్టింది ఎవరు, ఎప్పుడు, ఎలా? అడిగి చూడండి. మా పెద్దాయన చెప్పాడు అంటారు. మనకు తియ్యగా ఉన్న అంకె కనిపించినప్పుడే చెయ్యి ఆగాలి. చేదుగా ఉన్నదాన్ని ఎలాగూ అనుమానిస్తాం.

నేను కూడా తియ్యగా ఉందని మింగినవాణ్ణే. పాలకూర కథ విన్నారా? పాలకూరలో ఇనుము బోలెడు ఉందని అందరూ అంటారు, అదంతా పొరపాటు, పందొమ్మిదో శతాబ్దంలో ఒక జర్మన్ శాస్త్రవేత్త దశాంశ చుక్క ఒక స్థానం తప్పు పెట్టాడు, ఇనుము పదిరెట్లు అయిపోయింది, ప్రపంచమంతా దాన్నే ఎత్తి రాసింది. ఎంత బాగుందో చూడండి! ఆధారాలు సరిచూసుకోండి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఉంటుందా? ఏళ్ళ తరబడి ఇలాంటి మీటింగులన్నిటిలోనూ చెప్పాను. 1981లో హ్యాంబ్లిన్ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు కాబట్టి నాకు ధైర్యం కూడా ఉంది.

తీరా చూస్తే, 2010లో మైక్ సటన్ అనే ఆయన ఆ జర్మన్ చుక్క ఎక్కడుందా అని వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళాడు. చుక్క తప్పు పెట్టారనడానికి ఆధారమే దొరకలేదు. 2014లో రెక్దాల్ అనే నార్వే పరిశోధకుడు ఈ పాలకూర కథ పరిశోధనా వ్యాసాల్లో ఎలా ఒకరి నుంచి ఒకరికి పాకిందో పెద్ద వ్యాసమే రాశాడు. అంటే, సరిచూసుకోకుండా ఎత్తి రాయకండి అని హెచ్చరించే కథనే సరిచూసుకోకుండా ఎత్తి రాశారు. అందులో నేనొకణ్ణి. మా ఆవిడకు చెబితే, అయితే పాలకూర వండొచ్చా వద్దా చెప్పండి అంది.

జర్నల్స్ దగ్గరికి వద్దాం. పీజీ వాళ్ళు, పీహెచ్‌డీ వాళ్ళు కొంచెం వినండి. జర్నల్‌లో వచ్చింది సార్ అనగానే మనం చేతులు కట్టుకుంటాం. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి సైన్స్ పత్రిక కోసం ఒక పని చేశాడు. ఒక బోగస్ పరిశోధనా పత్రం తయారుచేశాడు. లైకెన్ అని పాచి లాంటిది ఒకటి ఉంటుంది, దాన్నుంచి తీసిన పదార్థం క్యాన్సర్ కణాలను ఆపుతుందని. రాసినవాళ్ళ పేర్లు కల్పితం, సంస్థలు కల్పితం, ప్రయోగంలో తప్పులు మామూలు రివ్యూయరు కంటబడేంత పెద్దవి. డబ్బు తీసుకుని ప్రచురించే 304 జర్నల్స్‌కు పంపాడు. 157 జర్నల్స్ సరే, వేసుకుంటాం అన్నాయి. సగం దాటింది! ఒప్పుకున్నవాటిలో మన దేశం నుంచి నడిచేవి చాలా ఉన్నాయి, సిగ్గుపడాల్సిందే.

డబ్బు తీసుకునే జర్నల్ ప్రతిదీ దొంగదని కాదు. ఉచితంగా చదవనిచ్చే మంచి జర్నల్స్ రచయిత దగ్గర ఫీజు తీసుకోవడం మామూలే. మరి దొంగదాన్ని ఎలా పట్టుకోవాలి? మూడు రోజుల్లో ప్రచురణ అన్నారా, అనుమానించండి. మూడు రోజుల్లో బట్టలు కుట్టించుకోవడమే కష్టం ఈ ఊళ్ళో, ఇద్దరు నిపుణులు ఒక పత్రాన్ని చదివి తప్పులు ఎలా చెబుతారు? ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒక ప్రొఫెసర్ పేరు తీసుకుని ఆయన యూనివర్సిటీ పేజీ తెరవండి. ఆయన ఈ జర్నల్ పేరు ఎక్కడైనా చెప్పుకున్నాడా? చాలాసార్లు ఆ పెద్దమనిషికి తన పేరు అక్కడ ఉందనే తెలియదు. ఇక ఐఎస్ఎస్ఎన్ ఉంది సార్ అంటారు. జర్నల్‌కు ఇచ్చే నంబరు, ఎనిమిది అంకెలు. అది బండి నంబరు ప్లేటు. ప్లేటు ఉన్నంత మాత్రాన నడిపేవాడికి డ్రైవింగ్ వచ్చని ఎవరన్నారు?

మా లైబ్రరీకి వచ్చే ఒకబ్బాయి ఇలాగే వాట్సాప్‌లో వచ్చిన ఒక జర్నల్‌కు హాస్టల్ ఫీజు డబ్బు కట్టేశాడు. పత్రం వచ్చింది, సర్టిఫికెట్ వచ్చింది, రంగురంగుల్లో. ఆరు నెలలకు సైటే మాయం. మళ్ళీ ఆ పత్రాన్ని ఎక్కడా వేయించుకోలేక, పాపం, వైవా ముందు వాడు పడ్డ టెన్షన్ నేను చూశాను. అప్పట్లో, యూజీసీ గుర్తించిన జర్నల్స్ జాబితా ఉండేది, ఆ కేర్ జాబితా చూసుకో అనేవాళ్ళం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ జాబితానే ఆపేసింది. ఇప్పుడు చూసుకోవాల్సింది మీరు, మీ గైడు, మీ కాలేజీ.

మంచి జర్నల్‌లో వచ్చినా కథ అయిపోలేదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పత్రం 1998లో లాన్సెట్‌లో వచ్చింది. 12 మంది పిల్లల మీద. 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది. మధ్యలో పన్నెండేళ్ళు. కాబట్టి పాత పీడీఎఫ్ ఒకటి ఫ్రెండ్ పంపాడని దాన్నే పట్టుకోకండి. జర్నల్ సైటులో ఆ పత్రం పేజీకి వెళ్ళి, రిట్రాక్టెడ్ అని ఉందేమో చూడండి. రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఉంది, అందులో వెతకడానికి డబ్బులక్కర్లేదు.

స్కాన్ల సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అని ఒక మాట పరిశోధనా పత్రాల్లో కనిపించింది. అలాంటి మైక్రోస్కోపీ లేదు. 1950ల నాటి ఒక పత్రం రెండు కాలమ్‌లలో అచ్చయింది. స్కాన్ చేసినప్పుడు కంప్యూటరు ఎడమ కాలమ్‌లో వెజిటేటివ్‌ను కుడి కాలమ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో కలిపి ఒక వరసగా చదివేసింది. దానికి తోడు పారసీలో స్కానింగ్ అనే మాటకూ వెజిటేటివ్ అనే మాటకూ చుక్క తేడా అట. తప్పు ఇప్పుడు ఏఐల్లోకి కూడా ఎక్కింది. మన తెలుగు స్కాన్లు చూడండి. మ, య కలిసిపోతాయి, ఒత్తు ఎగిరిపోతుంది. మయసభే. దుర్యోధనుడు నీళ్ళను నేల అనుకున్నట్టు మనం యంత్రం చదివిందే మూలం అనుకుంటాం. టెక్స్ట్ కాపీ చేసుకుంటే, పేజీ బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కసారి కళ్ళతో చదవండి.

ఏఐ అనగానే అందరూ నిటారుగా కూర్చున్నారు! వాడతారా? చేతులెత్తండి. ఎత్తనివాళ్ళు కూడా వాడతారని నాకు తెలుసు. వాడండి, నేను పోలీసును కాను. కానీ రిఫరెన్సులు ఇమ్మని మాత్రం అడక్కండి. అడిగినా, ఇచ్చినవాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూడకుండా దించుకోకండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని కోర్టులో దాఖలు చేశారు. అందులో ఆరు తీర్పులు అసలు లేనే లేవు. కేసుల పేర్లు, జడ్జిల పేర్లు, కోట్ చేసిన వాక్యాలు, అంతా ఉంది. కేసులే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. ఏఐకి అబద్ధం చెప్పాలన్న బుద్ధి లేదు, నిజం చెప్పాలన్న బుద్ధీ లేదు. ఒక రిఫరెన్సు ఎలా ఉంటుందో దానికి తెలుసు, అలా ఉండేది ఒకటి అల్లి ఇస్తుంది.

నా దగ్గరికి ఒక అబ్బాయి తెచ్చిన లిస్టులో ఒక తెలుగు ప్రొఫెసర్ రాసిన పుస్తకం ఉంది. ఆ ప్రొఫెసర్ నాకు బాగా పరిచయం. ఫోన్ చేసి, ఎప్పుడు రాశారండీ ఇది, నాకు చెప్పనేలేదు అన్నాను. ఆయన టైటిల్ అడిగి విని, చాలా బాగుందయ్యా, రాస్తాను అన్నాడు.

డీఓఐ ఉంటే పరీక్ష తేలిక. ఒక్కో పత్రానికి విడిగా ఇచ్చే, పదితో మొదలయ్యే పొడుగాటి నంబరు. డీఓఐ డాట్ ఓఆర్జీలో పెట్టండి. అదే పత్రం తెరుచుకోవాలి. ఏమీ రాకపోతే నంబరు తప్పో, కల్పితమో. వేరే పత్రం వచ్చిందనుకోండి, ఇంకా ప్రమాదం, ఎందుకంటే నంబరు అసలుదే కాబట్టి మీరు లోపలికి చూడరు.

ఎక్కడ వెతకాలి అని అడుగుతారు కాబట్టి గబగబా చెబుతాను, టైము అయిపోతోంది. గూగుల్ స్కాలర్. పత్రాన్ని ఎంతమంది ఉదహరించారో చెబుతూ సైటెడ్ బై అని కింద ఉండే అంకె చూసి గొప్పదని అనుకోకండి, తిట్టడానికి ఉదహరించినా అంకె పెరుగుతుంది. ఆ అంకె మీద నొక్కి, తరవాత వచ్చినవాళ్ళు ఏమన్నారో చూడండి, ఉపయోగం అదీ. డబ్బు కట్టమని అడిగితే ఆల్ వెర్షన్స్ నొక్కండి, రచయిత తన యూనివర్సిటీ పేజీలో ఉచితంగా పెట్టి ఉండొచ్చు. ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్ళకు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం 2025 జనవరి నుంచి ఉంది. 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు 13,000. మీలో ఎంతమంది లాగిన్ అయ్యారు? ఒక్కరూ లేరా! రేపు పొద్దున్నే మీ లైబ్రరీకి వెళ్ళి అడగండి. శోధ్‌గంగలో మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు ఉన్నాయి. అందులో మంచివీ ఉన్నాయి, డిగ్రీ కోసం రాసినవీ ఉన్నాయి. నేనైతే ముందు చివరి పేజీలు తెరిచి ఏం చదివి రాశారో చూస్తాను.

వికీపీడియా చదవొద్దు అనే లెక్చరర్లతో నాకు పేచీ. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది, ఎంతో మంది ఓపికగా రాస్తున్నారు. చదవండి. పేజీ కింద మూలాలు ఉంటాయి, వాటి దగ్గరికి వెళ్ళండి. ఊరికి వచ్చినప్పుడు సెంట్రల్ స్టేషన్‌లో దిగుతాం. ప్లాట్‌ఫారం మీదే కాపురం పెట్టం కదా.

సరే, మీ కుర్చీల మీద ఒక్కో కాగితం పెట్టాం, చూశారా? ఎగ్మూర్‌లోని కన్నెమరా లైబ్రరీ గురించి ఐదు వాక్యాలు. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి. ఆ సంగతి కాగితంలో కూడా ఉంది, అది నిజమే, ఆ వాక్యం మీకు ఫ్రీ. మిగతా నాలుగింటిలో ఒకదాన్ని నేను కావాలనే మార్చాను. ఏదో పట్టుకోండి. పట్టుకున్నాక, ఎలా పట్టుకున్నారో, ఎవరి మాట మీద పట్టుకున్నారో రెండు లైన్లు రాయండి. ఆ రెండు లైన్లకే మార్కులు.

టీ వచ్చినట్టుంది. తాగుతూ చేయండి, కాగితం మీద ఒలకబోయకుండా. ఇందాక చెయ్యెత్తిన అమ్మాయి అప్పుడే ఫోన్ తీసింది. ఏ పేజీ తెరిచావమ్మా? ఎవరిదది?